పెద్ద గెలుపు తరువాతి పందెం: ఆన్‌లైన్ క్రికెట్ బెట్టింగ్‌లో గెలిచినవారి నడవడిపై చర్చ

గౌతమీ తీరం (రాజమహేంద్రవరం)

ఆన్‌లైన్ క్రీడా పందేల గురించి మన ఇళ్లలోనూ పత్రికలలోనూ జరిగే సంభాషణ అంతా ఓటమి చుట్టూనే తిరుగుతోంది. ఎంత పోయింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, ఏ లోన్ యాప్ వాళ్లు ఇంటికి ఫోన్ చేశారు అన్నవే ప్రశ్నలు. జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చెప్పే నన్ను కొంతకాలంగా వేరొక ప్రశ్న పట్టుకుంది. మ్యాచ్‌కు నాలుగు వందలు పెట్టే యువకుడికి ఐపీఎల్‌లో ఒక రాత్రి 80,000 రూపాయలు వచ్చాయనుకుందాం. మరుసటి వారం అతడు పెట్టే పందెం ఎంత ఉంటుంది? మునుపటిలాగే నాలుగు వందల దగ్గర ఆగుతాడా? గెలిచిన డబ్బును బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకుంటాడా, యాప్ వాలెట్‌లోనే ఉంచుతాడా? ఇంతకుముందు ముట్టుకోని రకం పందేలలోకి దిగుతాడా?

నేను గమనించినంతవరకు, ఇబ్బందుల్లో పడిన కుర్రవాళ్లలో చాలామంది తమ కథను ఒక గెలుపుతోనే మొదలుపెడతారు. అయితే ఇది నా చుట్టూ ఉన్న కొద్దిమంది మాట మాత్రమే. పరిశోధనలు చదివినవారు, లెక్కలు తెలిసినవారు, కుటుంబంలో దగ్గరగా చూసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను. జూదం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ వేదికలో ఇదివరకే జరిగింది కనుక, ఇక్కడ గెలుపు తరువాత మనిషి నడవడి ఎలా మారుతుందన్న అంశానికే పరిమితమవుదాం.

మనోవైద్య విద్యార్థి (హైదరాబాదు)

గౌతమీ తీరం గారూ, మీ ప్రశ్నకు అర్థశాస్త్రంలోనే ఒక ప్రసిద్ధమైన సమాధానం ఉంది. రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను కొన్ని ఊహాత్మక పరిస్థితులలో ఉంచి ప్రశ్నించారు. ‘మీరు ఇప్పుడే 30 డాలర్లు గెలిచారు. సగం అవకాశంతో 9 డాలర్లు గెలవడమో, సగం అవకాశంతో 9 డాలర్లు పోగొట్టుకోవడమో జరిగే పందెం కాస్తారా, లేక ఇక్కడితో ఆగుతారా?’ అని అడిగితే 70 శాతం మంది పందెం కాస్తామన్నారు. అదే పందేన్ని ‘మీరు ఇప్పుడే 30 డాలర్లు పోగొట్టుకున్నారు’ అని మొదలుపెట్టి అడిగినప్పుడు 40 శాతం మందే ఒప్పుకున్నారు. పందెం ఒక్కటే, దానికి ముందు జరిగినదే వేరు.

గెలిచిన డబ్బు ఇంకా మనదిగా మనసుకు ఎక్కకముందే దానితో మళ్లీ పందెం కాస్తే, పోయినా పోయింది మన సొమ్ములా అనిపించదు. మన ప్రాంతంలో బెట్టింగ్ ఆడేవాళ్లు ‘లాభంలోంచే పెడుతున్నాను’ అని చెప్పే మాటలో ఉన్నది సరిగ్గా ఈ భావనే. జీతం నుంచి వెయ్యి తీయడానికి పదిసార్లు ఆలోచించే మనిషి, రాత్రి గెలిచిన దానిలోంచి ఐదు వేలు తీయడానికి ఒక్కసారి కూడా ఆలోచించడు.

అదే పరిశోధనలో రెండో సగం కూడా ముఖ్యం. 30 డాలర్లు పోగొట్టుకున్నామనుకున్నవారికి, ఖాయంగా వచ్చే 10 డాలర్లు ఒకవైపు, మూడింట ఒక వంతు అవకాశంతో మొత్తం 30 డాలర్లూ తిరిగి వచ్చే పందెం మరొకవైపు చూపిస్తే, 60 శాతం మంది పందేన్నే కోరుకున్నారు. నష్టం తరువాత జాగ్రత్తపడే మనిషి కూడా, ఒక్క దెబ్బతో మొత్తం వెనక్కి వచ్చే దారి కనిపిస్తే జాగ్రత్తను వదిలేస్తాడన్నమాట.

లెక్కల పంతులు (కరీంనగర్)

ఊహాత్మక ప్రశ్నలకు విద్యార్థులు చెప్పే జవాబులు వేరు, సొంత డబ్బుతో ఆడేవాళ్లు చేసేది వేరు కావచ్చునన్న సందేహం నాకు ఎప్పుడూ ఉంటుంది. నిజమైన ఆన్‌లైన్ క్రీడా పందేలను పరిశీలించిన ఒక అధ్యయనం ఉంది. జుయెమిన్ షూ, నైజెల్ హార్వే అనే లండన్ పరిశోధకులు 776 మంది ఆన్‌లైన్‌లో వేసిన 5,65,915 పందేలను విశ్లేషించి 2014లో ఫలితాలు ప్రకటించారు. అందులో తేలిన విషయం మన ఊహకు కొంత విరుద్ధంగా ఉంది. వరుసగా గెలుస్తున్నవారు తరువాతి పందేనికి మరింత ‘సురక్షితమైన’ ఆడ్స్ ఎంచుకున్నారు (గెలిస్తే కాసిన సొమ్ముకు ఎన్ని రెట్లు చేతికి వస్తుందో చెప్పే అంకె ఆడ్స్; గెలిచే అవకాశం ఎక్కువైన కొద్దీ ఇది తక్కువగా ఉంటుంది). వరుసగా ఓడుతున్నవారు మరింత ప్రమాదకరమైన ఆడ్స్‌కు వెళ్లారు. ఫలితంగా ఆరు వరుస గెలుపుల తరువాత మళ్లీ గెలిచే అవకాశం 70 శాతం దాటింది, ఆరు వరుస ఓటముల తరువాత అది 25 శాతం కన్నా దిగువకు పడింది.

గెలిచినవాడు ‘ఇన్నిసార్లు గెలిచాను, ఇక ఓటమి రావలసిందే’ అనుకుని జాగ్రత్తపడుతున్నాడని, ఓడినవాడు ‘ఇక నా వంతు వచ్చింది’ అనుకుని తెగిస్తున్నాడని వారి వివరణ. గెలుపు పరంపర కనిపించినంత మాత్రాన ఆ మనుషులు ఎక్కువ సంపాదించారని కాదు. తక్కువ ఆడ్స్ మీద తరచుగా గెలిస్తే చేతికి వచ్చేది కూడా తక్కువే.

కాబట్టి పెద్ద గెలుపు మనిషిని తెగింపువైపు నెడుతుందన్న మాటను మనం అంత సులభంగా ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

గౌతమీ తీరం (రాజమహేంద్రవరం)

పంతులుగారూ, చాలా విలువైన విషయం చెప్పారు. అయితే ఈ రెండు అధ్యయనాలూ ఒకదానినొకటి కాదంటున్నాయని నాకు అనిపించడం లేదు. పందెంలో రెండు కొలతలు ఉంటాయి. ఏ ఆడ్స్ మీద కాస్తున్నాం అన్నది ఒకటి, ఎంత కాస్తున్నాం అన్నది రెండోది. మీరు చెప్పిన అధ్యయనం ప్రధానంగా మొదటిదాని గురించి మాట్లాడుతోంది. ఒక మనిషి 3.50 ఆడ్స్ ఉన్న బలహీనమైన జట్టును వదిలిపెట్టి, 1.20 ఆడ్స్ ఉన్న బలమైన జట్టువైపు వచ్చాడనుకుందాం. ఆడ్స్ ప్రకారం అతడు జాగ్రత్తపరుడయ్యాడు. కానీ మునుపు 400 పెట్టినవాడు ఇప్పుడు ‘ఇది ఖాయం’ అనుకుని 50,000 పెడితే, అతడి ఇంటికి కలిగే ప్రమాదం పెరిగిందా, తగ్గిందా?

1.20 మీద 50,000 కాస్తే గెలిచినప్పుడు వచ్చే లాభం 10,000. ఒక్కసారి ఓడితే అంతకుముందు ఐదు గెలుపుల లాభం తుడిచిపెట్టుకుపోతుంది. వందలో 83 కన్నా ఎక్కువసార్లు గెలిస్తే తప్ప ఆ పందెం గిట్టుబాటు కాదు. టీ20 క్రికెట్‌లో చివరి రెండు ఓవర్లలో ఆట ఎలా తిరగబడుతుందో చూసినవారెవరూ అంత భరోసా ఇవ్వలేరు. జాగ్రత్తలా కనిపించే ఈ పద్ధతే గెలిచినవాడిని పెద్ద మొత్తాలకు అలవాటు చేస్తుందేమో ఆలోచించండి.

చిన్నవదిన (నరసరావుపేట ప్రాంతం)

నేను పరిశోధనలు చదివినదానిని కాదు. మా మరిదిగారి విషయంలో చూసినది రాస్తాను. పేర్లు, యాప్ వివరాలు అనవసరం.

మా మరిది డిగ్రీ అయ్యాక ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనికి కుదిరాడు. స్నేహితులతో కలిసి మ్యాచ్‌కు రెండు మూడు వందలు పెట్టేవాడట, మాకు తెలియదు. ఒక ఐపీఎల్ సీజన్‌లో అతడికి పెద్ద మొత్తం వచ్చింది. షేర్లలో వచ్చిందని ఇంట్లో చెప్పాడు. మా అత్తగారికి ఉంగరం చేయించాడు, నాకు ఫోన్ కొనిచ్చాడు. అప్పటిదాకా ఇంట్లో చిన్నవాడిగా ఉన్న మనిషికి ఒక్కసారిగా మాట విలువ వచ్చింది. ఏ శుభకార్యం వచ్చినా ‘అబ్బాయిని అడుగుదాం’ అనేవారు. డబ్బు కన్నా ఆ గౌరవమే అతడిని ఎక్కువగా కట్టిపడేసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మళ్లీ దుకాణం జీతంతో బతికే పాత మనిషిగా మారడం అతడికి సాధ్యం కాలేదు.

తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ గెలుపు తరువాత రెండు మూడు వందల పందేలు అతడికి పందేలుగానే అనిపించలేదట. ఎవరు గెలుస్తారన్న దానిమీద కాకుండా, ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులు వస్తాయి, తరువాతి వికెట్ ఎప్పుడు పడుతుంది అన్న ‘సెషన్’ పందేలకు దిగాడు. గెలిచినది కరిగిపోతున్నప్పుడు ‘నాదేం పోయింది, వచ్చిందే పోయింది’ అని స్నేహితులతో అన్నాడట. అది పూర్తిగా అయిపోయాక మాత్రం మాట మారింది. ‘నావి ఎనభై వేలు పోయాయి, అవి రాబట్టుకోవాలి’ అని మొదలుపెట్టాడు. రికవరీ, రికవరీ అన్న మాటే ఇల్లంతా వినిపించింది. అప్పులు ఆ తరువాత వచ్చాయి. గెలిచిన రోజు నుంచి అప్పు మొదలైన రోజు వరకు మాలో ఒక్కరం కూడా ప్రమాదాన్ని పసిగట్టలేదు, ఎందుకంటే అప్పటిదాకా ఇంట్లోకి డబ్బు వస్తూనే ఉంది.

మనోవైద్య విద్యార్థి (హైదరాబాదు)

అమ్మా, మీరు పరిశోధనలు చదవలేదన్నారు గానీ, నేను పైన రాసిన రెండు ప్రవర్తనలూ ఒకే మనిషిలో ఒకదాని వెనుక ఒకటి ఎలా వస్తాయో మీ పోస్టులో ఉంది. డబ్బు చేతిలో ఉన్నంతసేపు అది యాప్ వాళ్ల సొమ్ము, కనుక ధారాళంగా పెట్టవచ్చు. పోయిన మరుక్షణం అది తన సొమ్ము, కనుక ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలి. జేబు నుంచి నిజంగా పోయినది ఏమీ లేకపోయినా, మనసు అత్యధికంగా ఉన్న బ్యాలెన్స్ నుంచే నష్టాన్ని లెక్కకడుతుంది. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో కీలకమైన అంశం ఇదే. మనుషులు మొత్తం సంపదను చూసి కాకుండా, తాము మనసులో పెట్టుకున్న ఒక గుర్తు నుంచి లాభనష్టాలను కొలుస్తారు. పెద్ద గెలుపు ఆ గుర్తును ఒక్క రాత్రిలో ఎత్తుకు జరుపుతుంది. అది కిందికి దిగడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

చిన్న పందేలు పందేలుగానే అనిపించలేదన్న మాట గురించి కూడా ఒక విషయం చెప్పాలి. వోల్ఫ్రామ్ షుల్ట్స్ బృందం కోతులపై చేసిన ప్రయోగాలలో, ఊహించని బహుమానం అందినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు బలంగా స్పందించాయి. ఊహించిన బహుమానమే అందినప్పుడు ప్రత్యేకమైన స్పందన లేదు. ఊహించినది అందకపోతే స్పందన మామూలు స్థాయి కన్నా పడిపోయింది. ఒకసారి 80,000 చూసిన మనసుకు 300 రూపాయల గెలుపు ఎందుకు చప్పగా ఉంటుందో దీనితో కొంత అర్థమవుతుంది. కోరుకున్న ఉత్సాహం కోసం పందెం మొత్తాన్ని పెంచుకుంటూ పోవలసి రావడం, జూద వ్యసనాన్ని గుర్తించడానికి మేము వాడే తొమ్మిది లక్షణాలలో ఒకటి. పోయినదాని కోసం మరునాడు తిరిగి రావడం ఇంకొకటి. ఏడాది కాలంలో నాలుగు లక్షణాలు ఉంటే వ్యాధిగా నిర్ధారిస్తారు.

మీరు చెప్పిన గౌరవం సంగతి మా పాఠ్యపుస్తకాలలో ఇంత స్పష్టంగా లేదు. చికిత్సకు వచ్చినవారితో మాట్లాడేటప్పుడు డబ్బు గురించి అడిగినంతగా, గెలిచినప్పుడు ఇంట్లో తమ స్థానం ఎలా మారిందని కూడా అడగాలని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

లెక్కల పంతులు (కరీంనగర్)

చిన్నవదిన గారి పోస్టు చదివాక గౌతమీ తీరం గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. పందెం మొత్తం పెరగడమే అసలు సంగతి. దానికి లెక్క వేసి చూపిస్తాను.

రెండు జట్లూ సమానమైన బలంతో ఉన్న మ్యాచ్‌కు బుకీ రెండువైపులా 1.90 ఇస్తాడనుకుందాం. వంద కాసి గెలిస్తే 190 చేతికి వస్తుంది. సగం సార్లు గెలుస్తాం కనుక, కాసిన ప్రతి వందకూ సగటున తిరిగి వచ్చేది 95. మిగిలిన ఐదు బుకీ వాటా. ఈ ఐదు రూపాయలు చిన్న మొత్తంగానే కనిపిస్తాయి. 2025 ఐపీఎల్ సీజన్‌లో 74 మ్యాచ్‌లు ఉన్నాయి. మ్యాచ్‌కు ఐదు పందేలు అనుకుంటే 370 పందేలు. ఒక్కోటి 400 అయితే సీజన్ మొత్తం మీద కాసేది 1,48,000, సగటు నష్టం 7,400. అదే మనిషి గెలుపు తరువాత ఒక్కో పందేన్ని 4,000 చేస్తే కాసేది 14,80,000, సగటు నష్టం 74,000.

ఆ 80,000 ఒక్క దుర్దినాన పోనక్కర్లేదు. ఆడ్స్ మారకపోయినా, అదృష్టం మరీ వెనక్కి తిరగకపోయినా, ఒక్క సీజన్‌లో దాదాపు అంతా బుకీ దగ్గరకే చేరుతుంది. మధ్యలో చాలాసార్లు గెలుస్తూ కూడా ఉంటాడు కనుక, డబ్బు జారిపోతున్న సంగతి అతడి దృష్టికి రాదు. ఇంతా చేసి ఇది సగటు మాత్రమే, నిజ జీవితంలో హెచ్చుతగ్గులు దీనికన్నా పెద్దవిగా ఉంటాయి.

గెలిచినవారిని ఆకర్షించే మరో రకం పందెం ఉంది. ఐదు మ్యాచ్‌ల ఫలితాలను ఒకే పందెంగా కలిపి కాస్తారు. ఒక్కోటి 1.90 అయితే ఐదూ కలిసి దాదాపు 24.76 రెట్లు వస్తుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఐదూ గెలిచే అవకాశం 32లో ఒకటి. సగటున వందకు తిరిగి వచ్చేది 77 రూపాయలు. బుకీ వాటా ఐదు నుంచి దాదాపు 23కు పెరిగింది. మొదటి పెద్ద గెలుపు ఇలాంటి కలిపిన పందెంలో వచ్చినవాడు మళ్లీ అదే దారిలో వెళ్తాడు, ఎందుకంటే తనకు తెలిసిన గెలుపు దారి అదొక్కటే.

బ్యాంకు కౌంటర్ (గుంటూరు)

పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగిని. గెలిచిన డబ్బు ఎక్కడ ఉందన్నది మనిషి నడవడిని ఎంతగా నిర్ణయిస్తుందో ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. వాలెట్‌లో ఉన్న బ్యాలెన్స్ ఒక్క నొక్కుతో పందెమైపోతుంది. బ్యాంకు ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారితే, దాన్ని తిరిగి పందెంగా మార్చడానికి మనిషి కనీసం ఒకసారి ఆగి ఆలోచించవలసి వస్తుంది. యాప్‌లు నడిపేవారికి ఈ సంగతి బాగా తెలుసు. డబ్బు వేయడం క్షణంలో పని, తీసుకోవడం మాత్రం రోజుల తరబడి పరిశీలనలో ఉంటుంది. ఈలోగా విత్‌డ్రా అభ్యర్థనను రద్దు చేసుకుని అదే డబ్బుతో మళ్లీ ఆడే వీలు కూడా కొన్ని చోట్ల ఉండేది. బ్రిటన్‌లో జూద నియంత్రణ సంఘం ఈ పద్ధతిని శాశ్వతంగా నిషేధిస్తున్నట్లు 2021లో ప్రకటించిందంటే, దానివల్ల ఎంత హాని జరుగుతోందో గుర్తించినట్లే కదా.

మన దగ్గర ఇంకొక చిక్కు ఉంది. ఏజెంట్ల దగ్గర ఐడీ తీసుకుని ఆడేవారికి గెలుపు డబ్బు తరచుగా ముక్కూ మొహం తెలియని వ్యక్తుల ఖాతాల నుంచి వస్తుంది. ఆ ఖాతాలలో ఏదైనా ఒకటి సైబర్ మోసం ఫిర్యాదులో ఉంటే, దాని నుంచి డబ్బు అందుకున్న మీ ఖాతా కూడా స్తంభించిపోవచ్చు. జీతం పడే ఖాతా ఆగిపోయిన మనిషి పరిస్థితిని ఊహించండి. అప్పుడు ఇంట్లో అబద్ధం చెప్పి అప్పు చేస్తాడు. గెలిచినవాడికి పోగొట్టుకున్నవాడికన్నా ముందే కష్టం ఎదురయ్యే సందర్భం ఇది.

ఎడిసన్ తెలుగు (న్యూజెర్సీ)

మా దగ్గర సంగతి వేరు. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు న్యూజెర్సీకి సంబంధించిన కేసులోనే క్రీడా పందేలపై ఉన్న 1992 నాటి సమాఖ్య నిషేధాన్ని కొట్టివేసింది. అప్పటి నుంచి క్రీడా పందెం ఇక్కడ చట్టబద్ధం, ప్రకటనలు ఎక్కడ చూసినా అవే. చట్టబద్ధమైనంత మాత్రాన గెలుపు తరువాతి నడవడి మారలేదని మాత్రం చెప్పగలను. పెద్ద మొత్తాలు తిప్పేవారికి కంపెనీ తరఫున ఒక ప్రత్యేక ప్రతినిధి నేరుగా సందేశాలు పంపడం, ఉచిత పందేలు, మ్యాచ్ టికెట్లు ఇవ్వడం ఉంటుంది. ఆ ప్రతినిధిని స్నేహితుడిగా భావించేవారిని చూశాను. క్రమం తప్పకుండా గెలిచే నైపుణ్యం ఉందని కంపెనీ అనుమానిస్తే మాత్రం పందెం పరిమితిని బాగా తగ్గించేస్తారు. కాబట్టి పరిమితి తగ్గకుండా మర్యాదలు అందుతున్నాయంటే, ఆ మనిషి గెలుపు మళ్లీ తమ దగ్గరకే వస్తుందని వారు లెక్క వేసుకున్నారనే అర్థం.

ఇక్కడ ఉన్న మనవాళ్లు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. 2026 పన్ను సంవత్సరం నుంచి జూదంలో వచ్చిన నష్టాలలో 90 శాతాన్నే గెలుపుల నుంచి తీసివేయడానికి సమాఖ్య చట్టం అనుమతిస్తోంది. ఏడాదిలో లక్ష డాలర్లు గెలిచి, లక్షా పోగొట్టుకున్న మనిషి కూడా 10,000 డాలర్ల ఆదాయం ఉన్నట్లు పన్ను కట్టవలసి రావచ్చు. గెలిచినదంతా తిరిగి ఇచ్చేసినవాడికి పన్ను బాకీ మిగులుతుంది.

మనోవైద్య విద్యార్థి (హైదరాబాదు)

చర్చ ఒకవైపే సాగకుండా ఉండడానికి మా రంగంలోని ఒక అభిప్రాయభేదాన్ని ఇక్కడ ఉంచుతున్నాను. అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ కస్టర్ జూద వ్యసనాన్ని గెలుపు దశ, ఓటమి దశ, నిస్పృహ దశ అని విభజించి, మొదటి దశలో వచ్చే పెద్ద గెలుపుకు చాలా ప్రాధాన్యం ఇచ్చారు. ఆ తరువాత చాలామంది వైద్యులు అదే మాట చెబుతూ వచ్చారు. కానీ దాన్ని ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు ఫలితం అంత తేలికగా రాలేదు. 2001లో కాసినోవ్, షేర్ చేసిన స్లాట్ యంత్రపు ప్రయోగంలో, పెద్ద గెలుపు పొందినవారు మిగిలినవారికన్నా ఎక్కువసేపు ఆడలేదు. త్రుటిలో తప్పిన గెలుపులే వారిని ఎక్కువగా ఆడించాయి. 2004లో వెదర్లీ బృందం చేసిన మరో ప్రయోగంలో మొట్టమొదటి ఆటలోనే పెద్ద గెలుపు వచ్చినవారు, కొంచెం తరువాత వచ్చినవారికన్నా ముందుగానే ఆట మానేశారు.

వైద్యుల దగ్గరకు వచ్చేవారిని మాత్రమే చూసి సిద్ధాంతం కట్టడంలో ప్రమాదం ఉంది. పెద్ద మొత్తం గెలిచి, అక్కడితో ఆపేసి, స్థలం కొనుక్కుని వెళ్లిపోయిన మనిషి మా ఓపీకి రాడు. అయినా ఆ ప్రయోగాలను చూసి నిశ్చింతగా ఉండలేం. అవి గంట సేపు జరిగే ఆటలు, వాటిలో చిన్న మొత్తాలే చేతులు మారతాయి. చిన్నవదిన గారి మరిదిగారికి వచ్చినటువంటి గౌరవం గానీ, జేబులో ఇరవై నాలుగు గంటలూ ఉండే ఫోన్ గానీ ఆ ప్రయోగశాలలో లేవు. పెద్ద గెలుపు ప్రతివారినీ వ్యసనపరుడిని చేస్తుందని నేను చెప్పలేను. ఇంకా ఆడుతూనే ఉన్నవారిలో పందెం మొత్తాన్ని అది పెంచుతుందన్న మాటనే సమర్థిస్తాను.

చట్టం చదువరి (విజయవాడ)

న్యాయవాదిగా రెండు అంశాలు చేరుస్తాను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది. డబ్బు ఆటలను నిర్వహించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అందులో ఉన్నాయి. ఆడేవారికి మాత్రం ఆ కేంద్ర చట్టం శిక్ష విధించలేదు. సహాయం అడగడానికి భయపడే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాష్ట్ర చట్టాల సంగతి వేరు కనుక, కేసు ఉన్నవారు న్యాయవాదిని సంప్రదించాలి.

రెండోది గెలుపుకు నేరుగా సంబంధించినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందాలు చెల్లవు, పందెంలో గెలిచానంటూ ఆ సొమ్ము కోసం కోర్టులో దావా వేయడానికి వీలులేదు. నిషేధం తరువాత కూడా టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా విదేశీ యాప్‌లలో ఆడుతున్నవారికి తెరమీద కనిపించే ఐదు లక్షల బ్యాలెన్స్ అంకె మాత్రమే. మొదట చిన్న మొత్తాలను వెంటనే చెల్లించి నమ్మకం కలిగించి, పెద్ద గెలుపు వచ్చాక ‘ముందు పన్ను కట్టండి, అప్పుడు విడుదల చేస్తాం’ అని అడిగేవారు ఉన్నారు. నిజమైన పన్ను అలా వేరే ఖాతాకు ముందుగా పంపించేది కాదు. అలాంటి కోరిక వస్తే అది మోసమని గ్రహించి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫిర్యాదు చేయాలి.

చిన్నవదిన (నరసరావుపేట ప్రాంతం)

అందరికీ నమస్కారం. ఒక్క సందేహం. మా మరిది ఇప్పుడు ఆడడం లేదని చెబుతున్నాడు. అయితే వచ్చే సీజన్‌లో ఎప్పుడైనా మళ్లీ గెలిస్తే మాకు ఎలా తెలుస్తుంది? ఓడినప్పుడు మనిషి ముఖం చూస్తే తెలుస్తుంది. గెలిచినప్పుడు ఇంట్లో అందరూ సంతోషంగానే ఉంటారు కదా.

మనోవైద్య విద్యార్థి (హైదరాబాదు)

అమ్మా, ఆదాయానికి పొంతనలేని బహుమతులు, ఎక్కడి నుంచి వచ్చిందో స్పష్టంగా చెప్పలేని డబ్బు, మ్యాచ్ సమయంలో ఫోన్‌ను దూరంగా తీసుకువెళ్లడం, పాత అప్పు ఒక్కసారిగా తీరిపోవడం కనిపిస్తే సంతోషపడేముందు అడగండి. నిలదీసినట్లు కాకుండా, ‘ఈ డబ్బు ఎలా వచ్చినా నీ మీద కోపం లేదు, ఎలా వచ్చిందో చెప్పు’ అన్న ధోరణిలో అడగండి. ఆడి గెలిచానని చెబితే మెచ్చుకోవద్దు, తిట్టవద్దు. ఆ డబ్బు ఆ రోజే వాలెట్ నుంచి బయటకు వచ్చేలా చూడండి, యాప్‌ను, ఏజెంటు నంబరును అతడి చేతే తీసివేయించండి. గెలిచిన తరువాతి మొదటి కొద్ది వారాలలోనే పందెం మొత్తం పెరుగుతుంది కనుక, మీ జాగ్రత్త ఆ సమయంలోనే ఎక్కువగా ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు కుటుంబసభ్యులు కూడా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అతడు రానన్నా మీరు మాట్లాడండి.

బ్యాంకు కౌంటర్ (గుంటూరు)

దీనికి ఒక్క మాట చేరుస్తాను. మీ మరిదిగారు ఒప్పుకుంటే, జీతం ఖాతాను యూపీఐ నుంచి వేరుచేసి, రోజువారీ ఖర్చులకు చిన్న మొత్తం ఉండే మరో ఖాతాను మాత్రమే ఫోన్‌కు కలపమనండి. యూపీఐ లావాదేవీలకు రోజువారీ పరిమితిని తగ్గించుకునే వీలును చాలా బ్యాంకుల యాప్‌లు ఇస్తున్నాయి. జీతం ఖాతాలో మిగులు ఉంటే మీ అత్తగారి పేరుతో కలిపి, ఇద్దరి సంతకాలు ఉంటేనే తీసే డిపాజిట్‌గా మార్చండి. బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఇద్దరూ ఆధార్, పాన్ కార్డులు వెంట తీసుకువెళ్లండి. సీజన్ మొదలయ్యేదాకా ఆగకుండా ఈ నెలలోనే చేసుకోవడం మేలు.